లెక్కకు సాక్షి సంతకము



ఏటేట వేసవిలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడగనే, మంచి మార్కులతో గట్టెక్కిన పిల్లవాని తండ్రి, ఇరుగుపొరుగువారు చెప్పెడి ఇంజనీరింగు కళాశాలల పేరులన్నియు వినివిని విసిగి, తన బియ్యపు మిల్లునకో కొబ్బరి వర్తకమునకో ఏండ్ల తరబడి లెక్కలు చూచుచున్న ఆడిటరుగారి గుమ్మమెక్కి, "మావాణ్ణి కూడా ఈ చదువులోనే పెడదామనుకుంటున్నామండీ, ఎన్నేళ్లు పడుతుందండీ, ఎంతవుతుందండీ?" అని యడుగుట రాజమహేంద్రవరమునను, కాకినాడలోను, భీమవరములోను, తణుకులోను తరచు జరుగు సంగతి. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుట కష్టము కాదు. ఎక్కడను తప్పిపోక సాగినచో, ఇంటర్మీడియెట్ తరువాత 42 నెలలలో చార్టర్డ్ అకౌంటెంటు కావచ్చును. ఆ పరీక్షలు నడుపు ఇన్‌స్టిట్యూటునకు కట్టవలసిన రుసుములు ఇంజనీరింగు రుసుములతో పోల్చినచో స్వల్పములే. కాని తప్పిపోకుండ సాగువారు కొందరే. పెక్కుమందికి అంతకన్న చాల యెక్కువ కాలమే పట్టును.

ఆ తండ్రి యడుగని ప్రశ్న యొకటి కలదు. ఈ పిల్లవాడు రేపు ఒక కాగితముపై సంతకము చేసినప్పుడు, ఆ మిల్లు ముఖమైనను చూడని బ్యాంకు మేనేజరు అప్పు మంజూరు చేయును. ఆదాయపు పన్ను అధికారి ఆ లెక్కను ముందుంచుకొని పన్ను నిర్ణయించును. ఎక్కడో దూరదేశమందున్న వాటాదారుడు తన కష్టార్జితమును ఆ కంపెనీలో నుంచును. ఒక మనుష్యుని సంతకమునకు ఇంతటి విలువను రాజ్యము కట్టబెట్టునప్పుడు, దానికి ముందు అతనినుండి ఏమేమి కోరుచున్నది, ఏల కోరుచున్నది? నేనీ వృత్తిలో నున్నవాడను గనుక, ఈనాడు మీతో ముచ్చటింప దలచినది ఈ విషయమునే.

గోదావరి డెల్టాకు లెక్క క్రొత్తది కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, కాలువలు ఊరూరను పారి, మెట్టలు మాగాణులైన నాటినుండి, ఏ సర్వే నంబరునకు ఎంత నీరు పారినది, ఎంత శిస్తు పడినది, ఎవరు చెల్లించిరి, ఎవరు బకాయి పడిరి యను వివరములన్నియు గ్రామ కరణము చేతి వ్రాతలోనే నిలిచియుండెను. అడంగలు అతనిది, చిట్టా అతనిది, జమాబందీ నాడు అధికారుల యెదుట కట్టలు విప్పవలసిన బాధ్యత అతనిది. అట్టి పదవి ఎవరికి లభించుచుండెను? 1895 నాటి మదరాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల శాసనము ననుసరించి, తండ్రి తరువాత కుమారునకు. ఆ శాసనము విద్యార్హతను కోరకపోలేదు. రెవెన్యూ బోర్డువారు నిర్ణయించిన పరీక్ష యుండనే యుండెను. కాని ఆ పరీక్షాద్వారము వారసునకు మాత్రమే తెరచుకొనెడిది. వారసుడు మైనరైనచో, వాడు పెద్దవాడగువరకు మరియొకరిచే పని జరిపించి, పదవిని వానికొరకు పదిలపరచెడివారు. గ్రామములోని తక్కిన పిల్లలలో ఎంతటి గణితజ్ఞుడున్నను ఆ దఫ్తరము వైపు చూడ వలనుపడదు.

రాజ్యాంగము వచ్చిన తరువాత, తెనాలి తాలూకాలో ఆ శాసనము క్రిందిదే యైన ఒక గ్రామ మునసబు పదవి విషయమై వ్యాజ్యము ఢిల్లీవరకు పోగా, 1960 డిసెంబరులో సుప్రీము కోర్టు, వంశమునుబట్టి ప్రభుత్వోద్యోగమున ప్రాధాన్య మొసగుట సమానావకాశములకు విరుద్ధమని తీర్పు చెప్పినది. 1984 జనవరిలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కరణము, మునసబు పదవులనే తొలగించినది. ఆ తొలగింపు యొక్క మంచిచెడ్డలు వేరొక ప్రసంగమునకు తగిన విషయములు. నేనిక్కడ గుర్తుచేయగోరునది ఒక్కటే: పుట్టుకచేత లెక్క వ్రాయు నధికారము వచ్చుచుండిన ఈ గడ్డమీదనే, ఎవరి బిడ్డయైనను సరే, పరీక్షనిచ్చి, శిష్యరికము చేసి, లెక్కకు సాక్షిగా నిలువవచ్చునను మరియొక సంప్రదాయము ప్రక్కప్రక్కనే పెరుగుచు వచ్చినది. దాని చరిత్రను మనవారు అంతగా తెలిసికొనలేదు.

1913 నాటి ఇండియన్ కంపెనీల శాసనము మొట్టమొదటిసారిగా కంపెనీలకు ఆడిటరు విధిగా నుండవలెననియు, ఆ ఆడిటరు ప్రభుత్వమిచ్చిన ధ్రువపత్రము గలవాడై యుండవలెననియు నిర్దేశించినది. ధ్రువపత్రము నిచ్చునది రాష్ట్ర ప్రభుత్వము. అవి రెండు తెరగులుగా నుండెను. ఒకటి నిర్బంధము లేనిది. దానిని పొందినవాడు బ్రిటిషు ఇండియా అంతటను ఆడిటు చేయవచ్చును. రెండవది నిర్బంధముతో గూడినది. దానిని పొందినవాడు ఆ రాష్ట్రమునందే, ఆ పత్రమున పేర్కొన్న భాషయందే ఆడిటు చేయవలెను. ఈ రెండవ దానిని 1920లో నిలిపివేసిరి. అది తక్కువ హోదాకు గుర్తుగా నుండెననుట నిజమే. కాని అందొక వివేకము కూడ నుండెనని నా యభిప్రాయము. వర్తకుని చిట్టా ఆవర్జాలు ఏ భాషలో నున్నవో ఆ భాష వచ్చినవాడే వానిని శోధింప సమర్థుడని ఆనాటి నిబంధన గ్రహించినది. ఈ సంగతి మరల ప్రస్తావింపవలసి యున్నది.

1918లో బొంబాయి ప్రభుత్వము అకౌంటెన్సీ డిప్లొమాను నెలకొల్పినది, జి.డి.ఎ. అని దానిని వాడుకలో పిలిచెడివారు. పరీక్షలో నెగ్గుటయేకాక, ఆమోదము పొందిన అకౌంటెంటు కడ మూడేండ్లు శిష్యరికము చేసినగాని ఆ పట్టా లభించెడిది కాదు. కేవలము చదువు చాలదు, కేవలము అనుభవమును చాలదు, రెండును పెనవేసికొని యుండవలెనను సూత్రము మన దేశమున ఆనాడే పాదుకొన్నది. నేటికిని అది చెక్కుచెదరలేదు. 1930లో శాసనమును సవరించి ధ్రువపత్రములిచ్చు అధికారమును రాష్ట్రములనుండి కేంద్ర ప్రభుత్వము గైకొన్నది. 1932లో ఆడిటర్ల ధ్రువపత్రముల నియమములు అమలులోనికి వచ్చి, దేశమంతటికి ఒకే రిజిస్టరు, రిజిస్టర్డు అకౌంటెంటు అను ఒకే బిరుదము ఏర్పడెను.

ఆ కాలపు వారిలో ఒక్క వ్యక్తిని తలచికొనక ముందునకు పోలేను. మదరాసు నివాసిని ఆర్. శివభోగముగారు స్వాతంత్ర్యోద్యమములో పాల్గొని చెరసాలకు వెళ్ళి, తిరిగివచ్చి, 1933లో జి.డి.ఎ. పట్టా పొంది, భారతదేశమున తొలి మహిళా అకౌంటెంటైరి. కారాగారమున నుండివచ్చినవారు ఈ వృత్తి చేపట్టరాదను నిబంధన అడ్డు నిలువగా, ఆమె న్యాయస్థానమెక్కి గెలిచిరి. తరువాత 1955లో, అప్పటికి ఈ వృత్తికి పాలనాసంస్థయైన ఇన్‌స్టిట్యూటు దక్షిణ ప్రాంతీయ మండలికి అధ్యక్షురాలైరి. మన తెలుగు జిల్లాలన్నియు ఆ మండలి పరిధిలోనివే. ఈనాడు రాజమహేంద్రవరపు ఆడిటు కార్యాలయములలో ఫైళ్ళు ముందుంచుకొని కూర్చున్న ఆడపిల్లలు, తాము నడచు త్రోవ ఎవరు తొలిచిరో ఎరుగుట మంచిది.

స్వాతంత్ర్యానంతరము, రాజ్యాంగమింకను అమలులోనికి రాకముందే, 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల శాసనము వచ్చెను. ఆ సంవత్సరము జూలై 1వ తేదీన అమలు జరిగెను. అంతవరకు ప్రభుత్వము చేతిలో నున్న పరీక్షలు, నమోదు, క్రమశిక్షణ యన్నియు నాటినుండి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా అను సంస్థకు సంక్రమించినవి. మొదటి అధ్యక్షులు జి.పి. కపాడియాగారు. నాటి సభ్యులు సుమారు 1,700 మంది. నేడు 4 లక్షలకు మించినారు. లోకము నిద్రించుచుండగా మేల్కొనియుండువానిని గూర్చిన కఠోపనిషద్వాక్యమును శ్రీ అరవిందులు సూచింపగా, సంస్థ దానిని తన చిహ్నమున నిలుపుకొన్నది.

ఇక నేటి నియమముల మాట. 2023 జూలై 1వ తేదీనుండి క్రొత్త విద్యాప్రణాళిక అమలులోనున్నది. పదవ తరగతి నెగ్గిన వెంటనే ఫౌండేషనుకు పేరు నమోదు చేయించుకొనవచ్చును. పరీక్ష వ్రాయుట మాత్రము ఇంటర్మీడియెట్ తరువాతనే. అందు నాలుగు పత్రములు, 400 మార్కులు. ఒక్కొక్క పత్రమున కనీసము నూటికి 40, మొత్తము మీద నూటికి 50 రావలెను. గణితము, అర్థశాస్త్రము గల రెండు పత్రములలో తప్పు సమాధానమునకు పావు మార్కు తరుగును. గుడ్డిగా గురిపెట్టువానికి అక్కడనే ఎదురుదెబ్బ తగులును. బి.కాం. నూటికి 55 మార్కులతో ముగించినవారు, తక్కిన పట్టాలలో 60 తెచ్చుకొన్నవారు ఫౌండేషను వ్రాయనక్కరలేదు. ఆపై ఇంటర్మీడియెట్ అని మరల అదే పేరుగల మెట్టు: రెండు గ్రూపులు, ఆరు పత్రములు. రెండు గ్రూపులును నెగ్గి, కంప్యూటరు, వృత్తిపరిచయ శిక్షణలు పూర్తిచేసిన పిదప రెండేండ్ల ప్రాయోగిక శిక్షణ. దీనినే మనవారు ఆర్టికల్స్ అందురు. అది ముగిసి ఆరు నెలలు గడచిన తరువాత ఫైనల్. అందును రెండు గ్రూపులు, ఆరు పత్రములు. 2025నుండి మూడు మెట్ల పరీక్షలును ఏటికి మూడు మారులు జరుగుచున్నవి. ఒక పత్రమున 60 మార్కులు వచ్చి గ్రూపు తప్పినవానికి, ఆ పత్రమును తరువాతి మూడు ప్రయత్నములవరకు మరల వ్రాయనక్కరలేని సదుపాయము కలదు. కూడిక కుదిరి పత్రము కుదరక, పత్రము కుదిరి కూడిక కుదరక తప్పినవారి దుఃఖమును ఎరిగినవారు ఈ సదుపాయముయొక్క విలువను గ్రహింపగలరు.

పరీక్షలను గూర్చి కోచింగువారు కావలసినంత చెప్పుదురు. నేను చెప్పదలచినది ఆ రెండేండ్ల శిష్యరికమును గూర్చి. మునుపది మూడేండ్లుగా నుండెను. ఇంకను పూర్వము శిష్యుడే గురువునకు ప్రీమియము పేర సొమ్ము ముట్టజెప్పు నాచారముండెను. ఇప్పుడు గురువే శిష్యునకు, ఊరి జనాభానుబట్టి నిర్ణయించిన కనీస స్టైపెండు చెల్లింపవలెను. చేరిన 30 దినములలోపల ఒడంబడిక పత్రము ఇన్‌స్టిట్యూటునకు చేరవలెను. ఇవి నియమములు. కాని ఈ రెండేండ్లను ఏదో ఒక పేరుగల చోట గడిపి, కార్యాలయమునకు పోకయే హాజరు వేయించుకొని, ఆ సమయమును కోచింగునకు వినియోగించుకొందమను తలంపు మన పిల్లలలో అక్కడక్కడ వినవచ్చుచున్నది. తలిదండ్రులు కూడ దానిని తెలివియని యెంచుట నన్ను మిక్కిలి కలవరపెట్టుచున్నది. పరీక్షలో నెగ్గుట వేరు, లెక్కను చూచుట వేరు. రాజ్యము సంతకమునకు కట్టిన విలువ ఈ రెండవదానికే.

మండపేటలోనో ద్వారపూడిలోనో ఒక బియ్యపు మిల్లును తలచుకొనుడు. మార్చి 31వ తేదీ సాయంకాలము, సార్వా ధాన్యము గోదాములో నెట్లు కట్టియున్నది; దాళ్వా ఇంకను కోతకు రాలేదు. సంవత్సరాంతపు సరుకు లెక్క చూడ ఆడిటరుగారు శిష్యుని బంపినారు. మిల్లు గుమాస్తా నెట్టు ముందు నిలిచి, పొడవున ఇన్ని బస్తాలు, వెడల్పున ఇన్ని, ఎత్తున ఇన్ని, హెచ్చవేసికొమ్మని చెప్పును. హెచ్చవేయుట ఐదవ తరగతి పిల్లవానికిని వచ్చును. శిష్యుడు చేయవలసినది నిచ్చెన తెప్పించుకొని నెట్టుపైకెక్కి, నడుమ డొల్ల యున్నదా లేదా యని చూచుట. నాలుగు వైపులనుండి నాలుగు బస్తాలు దింపించి కాటాపై నుంచి, 75 కిలోల బస్తా నిజముగా 75 తూగుచున్నదా యని చూచుట. ఆ బస్తాలు మిల్లు యజమానివా, లేక ప్రభుత్వము మరపట్టుటకిచ్చిన ధాన్యమా యని రిజిస్టరు విప్పి విచారించుట. పచ్చి బియ్యమైనచో నూరు క్వింటాళ్ళ ధాన్యమునకు 67 క్వింటాళ్ళ బియ్యము రావలెనని ప్రభుత్వపు లెక్క. పుస్తకమున వెయ్యి క్వింటాళ్ళు ఆడించినట్లు వ్రాసి 610 క్వింటాళ్ళే బియ్యము చూపినచో, తక్కిన 60 ఏమైనవి? ధాన్యమున తేమ హెచ్చెనా, నూక హెచ్చెనా, లేక లెక్కకెక్కని అమ్మకమా? తవుడు కొన్న నూనె ఫ్యాక్టరీవారి బిల్లులు, ఆ నెల కరెంటు బిల్లులోని యూనిట్లు, లారీ వేబిల్లులు, ఈ మూడింటిని ఒకచోట పెట్టి చూచిన శిష్యునకు సమాధానము దొరకును. ధూళిలో దగ్గుచు, చొక్కా నిండ ఊక పొట్టుతో ఆ నెట్టు దిగివచ్చిన పిల్లవాడు ఆ సాయంకాలము నేర్చిన పాఠము ఏ ఆన్‌లైను తరగతియందును దొరకదు. కావుననే, మహానగరములోని పెద్ద సంస్థలో చేరి రెండేండ్లును ఒకే కంపెనీయొక్క ఒకే ఖాతాను చూచుట కన్న, మన చిన్న పట్టణమున ఆడిటరుగారి కడ చేరి మిల్లు, రొయ్యల చెరువు, అర్బను బ్యాంకు, నర్సాపురము లేసు ఎగుమతి, కడియము నర్సరీ యన్నింటి పుస్తకములను విప్పి చూచుట తొలి శిక్షణగా మేలని నేను గట్టిగా నమ్ముచున్నాను. పెద్ద కంపెనీల పద్ధతులు తరువాత నేర్వవచ్చును. కాటా దగ్గర నిలుచు నలవాటు తరువాత రాదు.

ఇంకొక చిన్న పని చెప్పెదను. కంపెనీ పుస్తకములలో ఫలానా బ్యాంకున ఇంత డిపాజిట్టున్నదని యున్నది. రసీదు కూడ చూపినారు. అంతటితో ఆడిటరు తృప్తి చెందరాదు. బ్యాంకునకు లేఖ వ్రాయించి, దానిని తన కార్యాలయమునుండియే పంపి, జవాబు కంపెనీ చేతులమీదుగా కాక నేరుగా తన చిరునామాకే వచ్చునట్లు చూచుకొనవలెను. శిష్యులకు తొలి దినములలో అప్పగించు పని యిది. విసుగు పుట్టించు పని. కాని 2009 జనవరి 7వ తేదీని తెలుగువారెవ్వరును మరువలేరు. భీమవరము ప్రాంతమునుండి హైదరాబాదు వెళ్ళి సత్యం కంప్యూటర్స్ నెలకొల్పిన రామలింగరాజుగారు, తమ కంపెనీ పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఆ దినమున స్వయముగా లేఖలో అంగీకరించినారు. ఆ లెక్కలపై అంతర్జాతీయ ఖ్యాతిగల ఆడిటు సంస్థ సంతకముండెను. 2015 ఏప్రిలులో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము దోషులని నిర్ణయించిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. ఆ తీర్పుపై అప్పీళ్ళు జరిగినవి. ఆ సంఘటన తరువాత 2013లో క్రొత్త కంపెనీల శాసనము వచ్చెను. దాని ననుసరించి 2018 అక్టోబరులో, పెద్ద కంపెనీల ఆడిటుపై విచారణాధికారము గల ఎన్.ఎఫ్.ఆర్.ఎ. యను వేరొక సంస్థ యేర్పడెను. ఎన్ని శాసనములు వచ్చినను, బ్యాంకు జవాబు నేరుగా వచ్చినదా లేదా యని అడుగు పిల్లవాడు ఆ గదిలో లేనినాడు అవి యన్నియు కాగితములే.

ఫైనల్ నెగ్గి, సభ్యత్వము తీసికొన్నంత మాత్రమున స్వతంత్రముగా వృత్తి చేయ నధికారము రాదు. దానికై ప్రాక్టీసు ధ్రువపత్రమును వేరుగా పొందవలెను. ఆ పత్రము చేతికి వచ్చిన దినమునుండి నిర్బంధములు తగ్గవు, పెరుగును. తన వృత్తిని గూర్చి ప్రకటనలు వేసికొని కక్షిదారులను పిలువరాదు; లాభములో ఇంత శాతమని ఆడిటు ఫీజు మాట్లాడుకొనరాదు; కక్షిదారుని రహస్యమును అతని యనుమతి లేక పరులకు చెప్పరాదు; తానుగాని తన భాగస్వామిగాని తన సిబ్బందిగాని పరీక్షింపని లెక్కపై సంతకము చేయరాదు; తనకు గణనీయమైన స్వలాభమున్న వ్యాపారపు లెక్కలపై అభిప్రాయము చెప్పరాదు. తప్పినచో విచారణ జరిగి, తీవ్రతనుబట్టి పేరు రిజిస్టరునుండి శాశ్వతముగా తొలగింపవచ్చును. 2019నుండి తాను సంతకము చేసి యిచ్చు ప్రతి పత్రమునకును 18 అంకెలు, అక్షరములు గల సంఖ్య యొకటి ఇన్‌స్టిట్యూటు వెబ్‌సైటులో పుట్టించి వేయవలెను. ఎవరైనను ఆ సంఖ్యను సరిచూచి, సంతకము నిజముగా సభ్యునిదా కాదా యని తెలిసికొనవచ్చును. దొంగ సంతకములతో బ్యాంకు అప్పులు పుట్టించువారికి ఈ యొక్క ఏర్పాటు చేసిన యడ్డు చాల గొప్పది. మన వర్తకులు కూడ తమ చేతికి వచ్చిన ఆడిటు నివేదికపై ఆ సంఖ్యను చూచుకొను నలవాటు చేసికొనవలెను.

ఇంత కట్టుబాటుతో కూడిన వృత్తి మన చిన్న ఊళ్ళకు వచ్చి నిలదొక్కుకొనుటకు 1984 నాటి ఆర్థిక శాసనము ప్రధాన హేతువు. ఏడాదికి 40 లక్షల రూపాయలకు మించి వ్యాపారము చేయువాడు, కంపెనీ కాకపోయినను, ఆదాయపు పన్ను నిమిత్తము ఆడిటు చేయించుకొని తీరవలెనని అది విధించినది. అంతవరకు మదరాసునకో విజయవాడకో పోవు పుస్తకముల మూటలు అప్పటినుండి తమ ఊరిలోనే విప్పబడ సాగెను. నేడా పరిమితి కోటి. నగదు లావాదేవీలు నూటికి ఐదు లోపున్నవారికి పది కోట్లు.

మన డెల్టా కుటుంబములలో అమెరికాలో బంధువులు లేని ఇల్లు అరుదు గనుక, అక్కడి నియమముల మాటయు ఒకింత చెప్పెదను. ఆ దేశమున ఈ వృత్తికి అనుమతి నిచ్చునది కేంద్ర ప్రభుత్వము కాదు. రాష్ట్రము రాష్ట్రమునకు ఒక బోర్డు కలదు. 1896లో న్యూయార్కు రాష్ట్రము మొదట శాసనము చేసెను. తక్కినవి క్రమముగా అనుసరించెను. పరీక్ష మాత్రము దేశమంతటికి నొక్కటే: నాలుగు భాగములు, ఒక్కొక్కదానిలో 75 రావలెను, ఆ పరీక్షను ఇప్పుడు హైదరాబాదులోనే వ్రాయవచ్చును. కాని పరీక్ష నెగ్గినంతనే లైసెన్సు రాదు. చిరకాలముగా అక్కడ కోరుచున్నది 150 క్రెడిట్ గంటల చదువు; మన మూడేండ్ల బి.కాం. దానికి చాలదు. ఎం.కాం.ను కొన్ని బోర్డులు కలిపి లెక్కించును, మన సి.ఎ. చదువును కొన్ని గుర్తించును, కొన్ని గుర్తింపవు. దానిపై లైసెన్సుగల అకౌంటెంటు ధ్రువపరచిన ఏడాది యనుభవము, కొన్ని రాష్ట్రములలో నీతి నియమముల పరీక్ష. 2025లో ఒహాయో రాష్ట్రము, డిగ్రీతోపాటు రెండేండ్ల యనుభవమున్నవారికి 150 గంటల నిబంధనను సడలించుచు శాసనము చేసినది. మరికొన్ని రాష్ట్రములును ఆ దారి పట్టినవి. కావున అక్కడికేగదలచిన పిల్లలు, రుసుము కట్టకముందే, తాము నివసింపబోవు రాష్ట్రపు బోర్డు ఏమి కోరుచున్నదో చదువుకొనవలెను. ఒక రాష్ట్రమున చెల్లినది వేరొకట చెల్లకపోవచ్చును. వారును చదువునకు ప్రతిగా అనుభవమునే పెంచుచుండుట గమనింపదగినది.

ఇప్పుడు, 1920లో నిలిచిపోయిన ఆ భాషా నిబంధన మాటకు వత్తును. నేడు చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలు ఇంగ్లీషులో వ్రాయవచ్చును, హిందీలో వ్రాయవచ్చును. తెలుగులో వ్రాయ వీలులేదు. ప్రభుత్వ జూనియరు కళాశాలలో తెలుగు మాధ్యమమున చదివి, వాణిజ్యశాస్త్రమున తొంబదికి పైగా తెచ్చుకొన్న పి. గన్నవరపు లంకల పిల్లవాడు ఫౌండేషను ప్రశ్నపత్రము విప్పినప్పుడు, లెక్క వచ్చియు, ప్రశ్నలోని షరతు బోధపడక వెనుకబడుచున్నాడు. ఏ పుట్టుక యడ్డమును తొలగించుటకు దాదాపు ఒక శతాబ్దము పట్టెనో, ఆ యడ్డము ఈ రూపమున వానియెదుట మరల నిలుచుచున్నది. ఇంజనీరింగు ప్రవేశమునకు జరుపు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష 2021నుండి తెలుగులోను జరుగుచున్నది; వైద్యవిద్యకైన నీట్ కూడ తెలుగులో నున్నది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ వరకు వాణిజ్యశాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరించినది. ఫైనల్ పరీక్షవరకు తెలుగులో పెట్టుమని నేననను. కంపెనీల శాసనములు, అంతర్జాతీయ ప్రమాణములు ఇంగ్లీషులోనే చదివి తీరవలసినవి. తొలి మెట్టైన ఫౌండేషనుకైనను ప్రశ్నపత్రమును ఇంగ్లీషు ప్రక్కన తెలుగులో ముద్రించినచో, ఆ లంకల పిల్లవాడు ఆర్టికల్స్‌లో చేరు నాటికి ఇంగ్లీషును తానే పట్టుకొనును.

ఇందుకై మన కళాశాలల వాణిజ్యశాస్త్రోపాధ్యాయులు, వర్తక సంఘములు, మిల్లర్ల సంఘములు చెన్నైలోని దక్షిణ ప్రాంతీయ మండలికిని, ఢిల్లీలోని కేంద్ర మండలికిని విజ్ఞప్తి పంపవలెను. ఇన్‌స్టిట్యూటు వారి రాజమహేంద్రవరపు శాఖ ఆ విజ్ఞప్తిని చేపట్టి ముందునకు నడిపింపవలెనని నా ప్రార్థన. ఈలోపల, ఈ సంవత్సరమున ఫౌండేషను వ్రాయదలచినవారు, పరీక్ష జరుగు నెల మొదటి తేదీకి నాలుగు నెలలు ముందుగానే పేరు నమోదు చేయించుకొని యుండవలెనని గుర్తుంచుకొనుడు. గడువు దాటిన తరువాత ఎంత వేడుకొన్నను తరువాతి పరీక్షవరకు ఆగవలసినదే.